సముద్రగర్భ విద్యుత్, నియంత్రణ ఇంజనీరింగ్

సముద్రం అడుగున ఉన్న చమురు, గ్యాస్ బావుల పరికరాలకు కరెంటు అందించడం, వాటి వాల్వులను దూరం నుంచి తెరవడం, మూయడం, పీడనం, ఉష్ణోగ్రతల కొలతలను పైకి రప్పించడం ఈ శాఖ పని. పరిశ్రమలో దీన్ని సబ్‌సీ కంట్రోల్స్ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి నెలవు కృష్ణా–గోదావరి బేసిన్.

మండపేట ప్రాంతంలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావులు నేల మీదే ఉన్నాయి. బావి తలపై బిగించే వాల్వుల కూర్పును క్రిస్మస్ ట్రీ అంటారు. ఇక్కడైతే మనిషి దాని దగ్గరికి నడిచివెళ్లి చక్రం తిప్పగలడు. అదే బేసిన్‌లో, కాకినాడ తీరానికి ఆవల రిలయన్స్, బీపీల కేజీ-డీ6 బ్లాకులోని ఆర్-క్లస్టర్ గ్యాస్ క్షేత్రంలో ట్రీలు 2,000 మీటర్లకు పైగా లోతున ఉన్నాయి. అక్కడి నీటి పీడనం నేల మీది గాలి పీడనానికి సుమారు 200 రెట్లు. డైవర్లు దిగలేరు. ఏ పని చేయాలన్నా ఆర్‌ఓవీ అనే రిమోట్ యంత్రమే దిగాలి.

తొలి రోజుల్లో ఒక్కో వాల్వుకు ఒక్కో హైడ్రాలిక్ గొట్టం వేసేవారు. పదుల కిలోమీటర్ల దూరానికి ఆ పద్ధతి పనికిరాదు. ఒత్తిడి అటు చేరేసరికే ఆలస్యమవుతుంది. అందుకే ఇప్పుడు విద్యుత్, సంకేతాలు, హైడ్రాలిక్ ద్రవం, రసాయనాలు అన్నీ అంబిలికల్ అనే ఒకే కట్టలో దిగుతాయి. ట్రీ మీది కంట్రోల్ పాడ్ సంకేతాన్ని అందుకుని చిన్న సోలినాయిడ్ వాల్వును కదిలిస్తుంది. దాంతో అక్కడే నిల్వ ఉన్న ద్రవం పెద్ద వాల్వును తెరుస్తుంది. ద్రవం ఒత్తిడి పోతే స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది. వాల్వు తెరుచుకోవడం కన్నా ఆపదలో తనంతట తాను మూసుకోవడమే ఈ డిజైన్‌లో ముఖ్యం.

పాడ్‌లోని ఎలక్ట్రానిక్స్‌ను నైట్రోజన్ నింపిన డబ్బాలో ఉంచుతారు. ఒకటి చెడినా రెండోది నడిచేలా జంటగా అమరుస్తారు. అసలు తలనొప్పి కనెక్టర్లది. నీళ్లలోనే కలిపే ఈ కనెక్టర్లలో నూనె నింపి ఉంటుంది; సీలు దాటి ఉప్పునీరు చేరితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ క్రమంగా పడిపోతుంది. అప్పుడు జంటలోని రెండో ఛానెల్‌కు మారి బావిని నడపాలా, ఖర్చుకోర్చి ఓడను రప్పించి పాడ్ మార్చాలా అన్నది ఇంజనీరు ముందుండే ప్రశ్న. అనుభవం అక్కరకొచ్చేది ఇక్కడే. చాలా లోపాలను ఒడ్డు మీదే, ఫ్యాక్టరీ పరీక్షల్లోనే పట్టుకోవాలి. అందుకే ఈ ఉద్యోగంలో ఎక్కువ కాలం సముద్రం కనిపించదు.

కేజీ-డీ6లో డీ1, డీ3 క్షేత్రాల గ్యాస్ 2009 ఏప్రిల్‌లో మొదలై 2020 ఫిబ్రవరిలో ఆగింది. ఆర్-క్లస్టర్ అదే ఏడాది డిసెంబరులో ఉత్పత్తికి వచ్చింది. దాన్ని సుమారు 60 కిలోమీటర్ల దూరంలో అప్పటికే ఉన్న కంట్రోల్ ప్లాట్‌ఫారానికి కలిపారు. అదే బేసిన్‌లో ఓఎన్‌జీసీ తన 98/2 బ్లాకు నుంచి 2024 జనవరి 7న తొలి చమురు తీసింది.

డిజైన్ పని హైదరాబాద్‌లోనూ ఉంది. టెక్నిప్‌ఎఫ్‌ఎంసీకి అక్కడ ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. ఎలక్ట్రికల్ లేదా ఇన్‌స్ట్రుమెంటేషన్ డిగ్రీతో ఈ రంగంలో అడుగుపెట్టవచ్చు. కానీ హైడ్రాలిక్స్ రాని ఎలక్ట్రికల్ ఇంజనీరు ఇక్కడ సగం ఇంజనీరే.