లోపలి చక్రానికి నూరేళ్లు

ఇన్నర్‌వీల్ మహిళా సంఘానికి 2024 జనవరి 10న నూరేళ్లు నిండాయి. మనలో చాలామందికి ఆ పేరు తెలుసు గాని, దాని పుట్టుక తెలియదు.

1923 నవంబరు 15న ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో 27 మంది స్త్రీలు ఒక టర్కీ స్నానశాలలో సమావేశమయ్యారు. నవ్వకండి! ఖర్చు లేకుండా దొరికిన చోటు అదొక్కటే. వారు రోటరీ సభ్యుల ఇల్లాండ్రు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో భర్తలతో పాటు సేవ చేశారు. అయినా రోటరీలో వారికి సభ్యత్వం లేదు.

నాటి సభకు అధ్యక్షత వహించిన మార్గరెట్ గోల్డింగ్ గారు నర్సు. నర్సుల దుస్తుల వ్యాపారాన్ని స్వయంగా నడిపిన మనిషి. అంతటి ఆవిడకు కూడా "ఫలానావారి భార్య" గానే గుర్తింపు రావడం మాకు మింగుడుపడదు. మన సంఘాలలో మాత్రం? పండుగ వంటలు, ముగ్గులు, పిల్లల పాటలు అన్నీ అమ్మలవే. కార్యవర్గపు పట్టికలో వారి పేర్లెన్నో ఒకసారి లెక్కపెట్టండి.

సంఘం చిహ్నంలో రోటరీ చక్రం లోపల చిన్న చక్రం ఉంది.  1934లో బ్రిటన్, ఐర్లండు క్లబ్బులు ఒక సమాఖ్య అయ్యాయి. గోల్డింగ్ గారు 1939లో కన్నుమూశారు. 1967లో అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది.

రోటరీ తన నియమాలు మార్చి స్త్రీలను చేర్చుకొనేసరికి 1989 వచ్చింది. అప్పుడు కూడా ఇన్నర్‌వీల్ స్త్రీలు తమ సంఘాన్ని అందులో కలిపివేయలేదు.