వరస తప్పిన నాలుగో తీగ

వీణ నేర్చుకున్నవాళ్లకు ఒక క్రమం అలవాటై ఉంటుంది. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని తీగ తీగకూ స్థాయి దిగుతూ పోతుంది. ఆ చెవితోనే నాలుగు తీగల హవాయి వాద్యం ఉకులేలే అందుకుంటే నాలుగో తీగ దగ్గర ఉలిక్కిపడతారు. ఒకటి, రెండు, మూడు మెట్లు దిగినట్టే దిగుతాయి. వాయించేవారి ముఖానికి దగ్గరగా ఉండే నాలుగోది ఇంకా కిందికి వెళ్లి గుమ్మని మోగుతుందనుకుంటే, సన్నగా కంగుమంటుంది. శ్రుతి తప్పిందేమోనని బిరడా తిప్పబోతారు. తిప్పొద్దు, అదంతే.

స్వరాల్లో చెప్పుకుంటే సుళువు. మూడో తీగను షడ్జమం అనుకోండి. రెండోది అంతర గాంధారం, ఒకటోది చతుశ్శ్రుతి ధైవతం. నాలుగోది పంచమం, అదీ మంద్ర పంచమం కాదు, షడ్జమానికి పైనున్న పంచమం. స, గ, ప, ద. రిషభం ఒక్కటి కలిస్తే మోహన. ఆ రిషభం కూడా మూడో తీగ రెండో మెట్టులో సిద్ధంగా ఉంటుంది. హవాయి వాళ్లు మోహన రాగాన్ని తలుచుకుని ఈ శ్రుతి పెట్టలేదు గానీ, ఉత్త తీగలు మీటినా ఆ వాద్యం అంత ఉల్లాసంగా ఎందుకుంటుందో మన చెవికి ఇట్టే అందుతుంది.

ఇంతకీ ఈ వరస ఎక్కడిది? 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ హొనొలులు చేరింది. అట్లాంటిక్ సముద్రంలోని పోర్చుగీసు దీవి మదీరా నుంచి నాలుగు నెలల ప్రయాణం. చెరకు తోటల్లో పనికి కుదిరిన 400 పైచిలుకు మంది అందులో ఉన్నారు. వాళ్లలో మాన్యువల్ నూనెస్, జోజె దో ఎస్పిరితో సాంతో, అగుస్తో డియాస్ అనే ముగ్గురు చెక్కపని వచ్చినవాళ్లు. కొన్నేళ్లకు ముగ్గురూ హొనొలులులో సొంత దుకాణాలు తెరిచారు, అక్కడి కోవా చెక్కతో వాద్యాలు చేయడం మొదలుపెట్టారు.

మదీరా జనం తమతో తెచ్చుకున్నవి రెండు రకాలు. మషేట్ చిన్నది, నాలుగు తీగలది, దాని శ్రుతి వరసగానే సాగుతుంది. రజావ్ కొంచెం పెద్దది, ఐదు తీగలది, వరస తప్పింది అందులోనే. కొత్త వాద్యానికి ఒళ్లు మషేట్ నుంచి వచ్చింది, శ్రుతి రజావ్ చివరి నాలుగు తీగల నుంచి వచ్చింది. ఒకరి పోలిక, ఇంకొకరి గొంతు అన్నమాట. దీన్ని కనిపెట్టింది తానేనని నూనెస్ తన వాద్యాల మీద ముద్ర వేసుకున్నాడు. నన్నడిగితే ఆ మాట ముగ్గురికీ పంచాలి, కాస్త వాటా హవాయి రాజు కలాకావాకూ ఇవ్వాలి. ఆయన ఆదరించి ఆస్థానంలో హులా నృత్యానికి తోడు చేయకపోతే, అది తోట కూలీల వినోదంగానే మిగిలిపోయేదేమో.

పై పంచమం పెట్టుకోవడంలో ఒక సౌకర్యం కూడా ఉంది. అప్పటి తీగలు గొర్రె పేగుతో చేసినవి. ఒకే పొడవులో, ఒకే బిగువులో ఒక స్థాయి కిందికి దిగాలంటే తీగ మందం రెట్టింపు కావాలి. తంతి ఊగే లెక్క అది, పదిహేడో శతాబ్దంలోనే మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు తేల్చాడు. జానెడున్నర తీగ మీద అంత లావు పేగు బిగిస్తే పలకదు, దబ్ దబ్ మంటుంది. సన్నతీగ అయితే తక్కినవాటితో కలిసి గలగలమంటుంది.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శన దీన్ని అమెరికా అంతటికీ పరిచయం చేసింది. పెన్సిల్వేనియాలోని మార్టిన్ గిటార్ కంపెనీ అంతకుముందు 1907లోనే ఉకులేలేలు చేసి చూసింది. లోపల ఆనింపులు ఎక్కువై గిటార్ బిగువుతో తయారయ్యేసరికి అవి గొంతు విప్పలేదు. రెండోసారి తేలికగా చేసి నెగ్గింది. పెద్ద హాళ్లలో చివరి వరసకూ వినపడాలి, మైకులు లేవు. అందుకే పెట్టె పెరుగుతూ వచ్చింది. 1920ల చివరికి టెనర్ అనే పెద్ద రకం వచ్చేసింది. తీగ పొడవు 13 అంగుళాల నుంచి 17 అంగుళాలకు పెరిగింది.

పొడవు పెరిగాక పాత ప్రశ్నకు కొత్త జవాబు దొరికింది. నాలుగో తీగను మంద్ర పంచమానికి దింపితే ఇప్పుడు పలుకుతుంది. సెకనుకు 392 ఊపుల బదులు 196. షడ్జమం కింద ఇంకో మూడు స్వరాలు చేతికొచ్చాయి. పాట మంద్రంలోకి దిగినప్పుడల్లా శ్రుతి మార్చుకునే బాధ తప్పింది. తోడు వాద్యం ఒంటరిగా కచేరీ చేయగలదని చూపినవాళ్లలో జెస్సీ కలిమా ముందువరసలో ఉంటాడు. 1935లో హొనొలులులో ఔత్సాహికుల పోటీ గెలిచేనాటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా లేవు. తీగలు మార్చి వాద్యం తీరే మార్చుకోవడం మనకూ తెలిసిన సంగతే. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ జంటతీగల స్థానంలో ఐదు ఒంటితీగలు బిగించుకుని కర్ణాటక సంగీతం పలికించారు.

ఇక ఈ తీగలు దేనితో చేయాలన్నదానికి జవాబు వాద్యాల దుకాణంలో పుట్టలేదు. పేగుతీగ చెమ్మకు సాగుతుంది, పోగులు లేస్తాయి. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో పేగంతా ఆస్పత్రుల్లో కుట్లకు పోయింది. అప్పటికి నైలాన్ పళ్ల బ్రష్షుల్లో, ఆడవాళ్ల మేజోళ్లలో కనిపిస్తోంది. న్యూయార్క్‌లో అల్బర్ట్ ఆగస్టీన్ ఆ నైలాన్‌తో గిటార్ తీగలు చేశాడు, గిటార్ విద్వాంసుడు సెగోవియా వాటిని వాయించి గౌరవం తెచ్చాడు. ఉకులేలే వెంటనే ఆ దారి పట్టింది. 1971లో జపాన్‌లో కురెహా కంపెనీ చేపలకు కనపడని గాలం దారం కోసం ఫ్లోరోకార్బన్ తీసుకొచ్చింది. నైలాన్ కంటే బరువైన పదార్థం కాబట్టి అదే స్వరానికి అయిదో వంతు సన్నటి తీగ సరిపోతుంది, ధ్వని స్ఫుటంగా ఉంటుంది. గాలం దుకాణంలో చుట్ట కొని ముక్కలు కోసి బిగించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇటలీలోని విచెంజాలో మిమ్మో పెరుఫో వెనక్కి తిరిగి పేగు బరువుతో సమానమైన కృత్రిమ తీగ చేశాడు, అదే నైల్‌గట్.

మంద్ర పంచమానికి మాత్రం రెండు దారులు. లోహపు తీగ చుట్టినది బాగా మోగుతుంది, కానీ వేలు జరిపితే కీచుమంటుంది, మెట్ల దగ్గర చుట్టు ముందుగా అరుగుతుంది. చుట్టు లేని లావుతీగ మెత్తగా ఉంటుంది, మిగతా మూడింటితో కలిసిపోతుంది. మీ టెనర్‌కు మొదటిసారి దీన్ని బిగించేటప్పుడు మెడ చివరి గాడి చూసుకోండి. అది సన్నతీగకు కోసింది. లావుతీగ పైనే కూర్చుంటే కొంచెం ఆకురాయి పట్టించాలి, ఆ తర్వాత సన్నతీగ ఆ గాడిలో వదులుగా ఉండొచ్చు. స్టీలు తీగ జోలికి పోవద్దు, ఆ బిగువుకు బ్రిడ్జి ఊడి వస్తుంది. కొత్త తీగలు కొన్ని రోజులు సాగుతూనే ఉంటాయి, బిరడాలను తిట్టుకోకండి.

పాటకు తోడుగా వాయించేవాళ్లు పై పంచమం వదులుకోనక్కర్లేదని నా అభిప్రాయం. పాటనే వాయించాలనుకునేవాళ్లకు మంద్రం మేలు. అయితే ఇదీ కచ్చితమైన గీత కాదు. నేడు టెనర్ అనగానే అందరికీ గుర్తొచ్చే జేక్ షిమాబుకురో ఒంటరిగా కచేరీలు చేస్తాడు. ఆయన కమాకా కంపెనీ టెనర్ మీద నాలుగో తీగ వరస తప్పిన ఆ పాత పంచమమే.