హృద్రోగేతర వక్షశ్శూల: మానసిక చికిత్స

ఈసీజీ, టూడీ ఎకో, అవసరమైనచో ఆంజియోగ్రాం మున్నగు పరీక్షలలో గుండెయందు దోషమేమియు కానరాకున్నను ఛాతీలో నొప్పి మాటిమాటికి కలుగు స్థితి. దీనికి తోడు దడ, ఆయాసము తరచుగా నుండును. నల్లగొండ, పాలమూరు పల్లెలలో దీనిని గ్యాసనియో, రందితో వచ్చిన గాబరా యనియో చెప్పుకొందురు.

అమెరికా అంతర్యుద్ధ సైనికులలో ఇట్టి స్థితిని డా కోస్టా అను వైద్యుడు 1871లో వర్ణించెను. హార్ట్‌షోర్న్ అను మరియొక వైద్యుడు 1864లోనే దీనిని గూర్చి వ్రాసినందున ప్రాథమ్యము నాతనికిచ్చువారును గలరు; అయినను రోగుల వృత్తాంతములను విస్తారముగా పరిశీలించిన డా కోస్టాకే ఆ గౌరవము చెల్లుననుట సమంజసము. 1941లో వైద్యుడు పాల్ వుడ్ దీనికి మూలము గుండె కాదు, ఆందోళనయే యని వాదించెను.

భయముచే ఊపిరి వేగమై, పక్కటెముకల నడిమి కండరములు బిగిసి నొప్పి పుట్టగా, దానినే గుండెపోటని తలచుటచే భయము ఇనుమడించి, ఆ భయమే మరల నొప్పిని పెంచును. ఈ వలయమును ఛేదించుటయే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ లక్ష్యము: నొప్పి వచ్చిన వేళను, అప్పటి తలపును రోగి వ్రాసికొనును, పొట్ట కదలునట్లు నెమ్మదిగా శ్వాసించుట నేర్చును, భయపడి మానివేసిన నడకను, పొలము పనిని కొద్దికొద్దిగా మరల చేపట్టును. "నీకేమియు లేదు" అని రోగిని పంపివేయుట చికిత్స కానేరదు. నొప్పి నిజమేయని ఒప్పుకొని, అది పుట్టు తీరును వివరించుటతోనే చికిత్స మొదలగును. కిస్లీ ప్రభృతుల కాక్రేన్ సమీక్ష ఈ పద్ధతిచే మితమైన మేలు కలుగుననియు, అది ముఖ్యముగా తొలి మూడు నెలలలో కనబడుననియు తేల్చినది. హిప్నోసిస్ కూడ ఉపకరింపవచ్చును గాని, దానికి ఆధారము స్వల్పము.

నల్లగొండ సీమలో వైద్యుడు మరవరాని విషయమొకటి కలదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఏండ్ల తరబడి ఫ్లోరైడు నీరు త్రాగిన పెద్దలకు వెన్నెముక, పక్కటెముకల సంధులు బిగిసికొనిపోయి, ఛాతీ విచ్చుకొనుటయే కష్టమగును. నేడు కృష్ణాజలము లందుచున్నను ఎముకలకు జరిగిన హాని తీరలేదు. ఇట్టివారి నొప్పిని విచారింపకయే మనోజన్యమనుట అన్యాయము. అట్లే చెమటలు పట్టి, ఎడమ చేతికో దవడకో ప్రాకు క్రొత్త నొప్పికి మాటలతో చికిత్స తగదు, వెంటనే 108ని పిలువవలెను.

2007లో ఆరోగ్యశ్రీ పథకము తొలుత ఆరంభమైన మూడు జిల్లాలలో పాలమూరు అనబడు మహబూబ్‌నగర్ ఒకటియగుటచే గుండె శస్త్రచికిత్స ఇచ్చటి పేదలకును అందుబాటులోనికి వచ్చినది. గుండె బాగున్నదని తేలిన పిమ్మటను నొప్పితో ఇల్లు చేరువారికిని అంతటి శ్రద్ధ దక్కవలెను. అందుకు తోడ్పడగల ప్రభుత్వ వైద్య కళాశాలలు మహబూబ్‌నగరున 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను వెలసినవి. 2022లో ఆరంభమైన టెలి మానస్ అను మానసికారోగ్య సేవయొక్క 14416 సంఖ్యపై తెలుగులోనే ఉచితముగా సలహా లభించును.