చీటీ లెక్క అమ్మనే రాయనివ్వండి

హైదరాబాద్‌లోని ఒక మెమరీ క్లినిక్‌లో, గోడవారగా వేసిన కుర్చీలో మీరు కూర్చున్నారు. బల్లకి అవతల డాక్టరమ్మ. ఇవతల డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దావిడ, పక్కన ఫైలు పట్టుకున్న కూతురు.

"మతిమరుపు ఏమైనా వస్తోందా అమ్మా?"

"ఈ వయసుల ఎవరికుండదు బిడ్డా?" అని నవ్వి, పెద్దావిడ కూతురి వైపు తల తిప్పుతుంది. డాక్టరమ్మ ఆ తల తిప్పడం చూసి కాగితం మీద ఏదో రాసుకుంటారు. జవాబు కోసం పక్కవాళ్లను వెతుక్కోవడం కూడా ఒక ఆనవాలే.

ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటారు. తర్వాత, "ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తే అన్ని చెప్పండి."

"ఆవు, ఎద్దు, బర్రె, మేక, గొర్రె, కుక్క, పిల్లి, కోతి..." ఆగింది. గడియారం ఆగలేదు. పులి, ఏనుగు మీ నాలుక చివరిదాకా వచ్చేస్తాయి. అందించకూడదు. "ఆవు," అంటుందామె మళ్లీ.

ఇందాకటి ఐదు మాటల్లో రెండే గుర్తున్నాయి. "పువ్వు పేరు కదమ్మా?" అనగానే మూడోది వచ్చింది. మిగతా రెండూ సాయం చేసినా రాలేదు. ఆ రెండు మాటలూ అసలు జ్ఞాపకంలోకే చేరి ఉండకపోవచ్చు.

ఇప్పుడు కూతురి వంతు. "లెక్కలన్నీ నేనే చూస్తున్న మేడం. మందులు నేనే ఇస్త. పొయ్యి మీద పాలు మరిచిపోయిందని వంటింట్లకు రానిస్తలేం. ఇరవై మందితో చీటీ నడిపేది, అది గూడ బంద్ చేయించినం."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెడతారు. "చేతకాక మానేసిందా, మీరు మాన్పించారా?"

"చేతనైతది," అంటుంది పెద్దావిడ గట్టిగా. "వీళ్లే వద్దన్నరు."

నిర్ధారణకు ఇదే కీలకం. జ్ఞాపకశక్తి తగ్గినా, కాస్త తడబడుతూనైనా తన పనులు తాను చేసుకోగలిగితే అది మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్. చేసుకోలేని స్థితికి వస్తే డిమెన్షియా. ప్రేమకొద్దీ పనులన్నీ లాగేసుకుంటే ఈ తేడా ఎవరికీ కనబడదు. పైగా, వాడుకలో ఉన్న తెలివిని మూలన పెట్టినట్టవుతుంది.

మందుల సంచీ బల్ల మీదికి వస్తుంది. షుగరుకి ఏళ్లుగా వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ బి12ని తగ్గించగలదు. నిద్రమాత్రలు, జలుబుకి వాడే పాతరకం అలర్జీ మాత్రలు బుర్రని మందగింపజేస్తాయి. బి12, థైరాయిడ్ పరీక్షలు, ఎమ్మారై, వినికిడి పరీక్ష రాస్తారు. దిగులు వల్ల కూడా మరుపు వస్తుంది కాబట్టి నిద్ర, ఆకలి, మనసు సంగతీ అడుగుతారు. వీటిలో సరిచేయగలిగినవి చాలా ఉన్నాయి. తొందరగా రమ్మనేది అందుకే.

"అల్జీమర్సేనా మేడం?" కూతురి గొంతు వణుకుతుంది.

"ఇప్పుడే అనలేం. మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్‌తో ఇలా క్లినిక్‌లకు వచ్చేవాళ్లలో ఏటా నూటికి 10 నుంచి 15 మంది డిమెన్షియా వైపు వెళ్తారు. కొందరు ఇలాగే ఉండిపోతారు. మామూలైపోయేవాళ్లూ ఉన్నారు."

అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన అల్జీమర్స్ మందు లెకానెమాబ్ గురించి కూతురు చదివింది. అది మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందని తేలినవాళ్లకేననీ, క్షీణతను కొంత నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదనీ, మెదడులో వాపు, రక్తస్రావం వస్తున్నాయేమోనని స్కానింగులతో కనిపెట్టుకుని ఉండాలనీ డాక్టరమ్మ వివరిస్తారు. ఈవిడకి ముందు బీపీ, షుగరు అదుపులో ఉండాలి, రోజూ నడవాలి. ఫిన్లండ్‌లో 1,260 మందితో చేసిన ఫింగర్ అధ్యయనం 2015లో చూపించిందీ ఇదే దారి: ఆహారం, వ్యాయామం, మెదడుకి పని, రక్తనాళాల సంరక్షణ, అన్నీ కలిపి.

"ఉర్దూ వచ్చా అమ్మా?"

"మా గల్లీల అందరితోని ఉర్దూలనే మాట్లాడేదాన్ని!"

డాక్టరమ్మ ముఖం వికసిస్తుంది. ఈ నగరంలోనే, నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆలస్యం కనిపించింది.

"ఆ గల్లీకి మళ్లీ పంపించండి. చీటీ చిన్నదైనా మొదలుపెట్టించండి. లెక్క అమ్మ రాయాలి, మీరు తర్వాత సరిచూడండి. మందులు వారాల డబ్బాలో అమ్మే సర్దుకోవాలి. వంట చేసేటప్పుడు మీరు పక్కన ఉండండి, చాలు."

ఆరునెలల తర్వాత ఇవే పరీక్షలు మళ్లీ చేస్తారు. వచ్చేటప్పుడు రిపోర్టులతోపాటు ఆ చీటీ పుస్తకం కూడా తెమ్మంటారు డాక్టరమ్మ. అమ్మ తన పని తాను ఎంతవరకు చేసుకుంటోందో చెప్పేది స్కానింగ్ కాదు, ఆ పుస్తకమే.