చలనచిత్రమును చరిత్ర జిజ్ఞాసయు: తిమ్మరుసు కథాపరిశీలనము

చరిత్రాధ్యయనమునకు మూలము ప్రశ్న. రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును విద్యార్థికి ఎంతగా బోధించినను, అతని మనస్సున ఒక ప్రశ్న పుట్టనంతవరకు అవి కంఠపాఠములుగానే నిలిచిపోవును. ఆ ప్రశ్న పుట్టు తావులు అనేకములు. ఒకనికి ఊరి చివర నున్న వీరగల్లు, మఱియొకనికి తాత చెప్పిన కథ, వేఱొకనికి నవల ఆ పని చేయును. పెక్కేండ్లుగా మన ప్రాంతమున ఈ పనిని విశేషముగా నిర్వహించుచున్నది చలనచిత్రము. ఐనను పండితులు చారిత్రక చిత్రములను గుఱించి ప్రసంగించునప్పుడు అందలి దోషముల పట్టికను కూర్చి తృప్తి చెందుట పరిపాటియైనది. ఆ పట్టిక అవసరమే. కాని విచారము అచ్చట ముగియరాదు, అచ్చటనే ఆరంభము కావలెనని మా అభిప్రాయము. చిత్రము చెప్పినదానికిని, ఆధారములు చెప్పుదానికిని నడుమ నుండు ఎడమే జిజ్ఞాసకు జన్మస్థానము. ఈ విషయమును ప్రధానముగా ఒక్క చిత్రము నాధారముగా గొని నిరూపింప యత్నింతుము.

తెలుగునాట చరిత్రను జనులకు చెప్పు పని చలనచిత్రముతో మొదలు కాలేదు. పల్నాటి వీరుల కథ శతాబ్దములుగా గానరూపమున ప్రచారమం దుండెను. శ్రీనాథుని పేర నున్న కావ్యమును అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో ప్రకటించిన పిదప అది విద్వాంసుల పరిశీలనకు వచ్చెను. గూడవల్లి రామబ్రహ్మము గారు ప్రారంభింపగా, వారి మరణానంతరము ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ 1947లో విడుదలయ్యెను. అదే కథ 1966లో మఱల చిత్రముగా వెలువడెను. 1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధము బుఱ్ఱకథలుగా ఊరూర వినిపించిన పిమ్మట 1964లో తెర కెక్కెను. కావున చిత్రనిర్మాతలు చాల తావుల కొత్త కథను కల్పింపలేదు. జనుల నోట నున్న కథకు రూపమును, రంగును, స్వరమును సమకూర్చిరి. అంతవఱకు వినికిడిగా నున్నది కంటికి కనబడుటతో దాని బలము పెరిగెను. ఆ బలముతోపాటు దాని అపాయమును పెరిగెను.

మే మిచట పరిశీలింప దలచినది 1962లో కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వమున వెలువడిన ‘మహామంత్రి తిమ్మరుసు’. గుమ్మడి వెంకటేశ్వరరావు గారు తిమ్మరుసుగను, నందమూరి తారకరామారావు గారు శ్రీకృష్ణదేవరాయలుగను నటించిరి. రాయలను సింహాసనమున నిలిపిన మంత్రి, ఆ రాయల యాజ్ఞ చేతనే కన్నులు కోల్పోవుట ఈ కథకు ప్రాణము. చిత్రమున మంత్రి నిర్దోషి. రాకుమారుని మరణము శత్రువుల కుట్రా ఫలితము. రాజు సత్యము నెఱుగునప్పటికి శిక్ష అమలు జరిగిపోవును. ఈ చిత్రమును చూచిన ప్రేక్షకుడు కన్నీటితో లేచి అడుగు మొదటి మాట ఒక్కటే: ఇది నిజముగా జరిగినదా? చరిత్రాచార్యుడు ఎన్ని ఉపన్యాసములు చేసినను విద్యార్థిచేత ఇంత తేలికగా పలికింపలేని ప్రశ్న యిది. దీనికి ఉత్తరము వెదకుదము.

ప్రథమాధారము పోర్చుగీసు యాత్రికుల రచనలు. డొమింగో పేస్ 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించెను. రాజునకు మిక్కిలి ఇష్టుడైన వృద్ధు డొకడు కలడనియు, అతడు రాజగృహమునంతను శాసించుననియు, గొప్ప ప్రభువులును అతనియెడ రాజునెడ వలెనే మెలగుదురనియు అతడు వ్రాసెను. అతడు చెప్పిన పేరు తిమ్మరుసుదే. ఇది ప్రత్యక్షసాక్ష్యము. గుఱ్ఱముల వర్తకుడైన ఫెర్నావ్ నూనిజ్ 1535 ప్రాంతమున ఆ నగరమున నుండెను. ఈ ఇరువురి రచనలను రాబర్ట్ సూయెల్ ఆంగ్లమున కనువదించి 1900 సంవత్సరమున తన విజయనగర చరిత్రతో ప్రకటించెను. మంత్రి నేత్రములను తీయించిన వృత్తాంతమునకు మనకు గల ముఖ్యాధారము నూనిజ్ రచన.

నూనిజ్ చెప్పిన కథ చిత్రకథకు సన్నిహితమే గాని, ముఖ్యమైన యెడల భిన్నము. రాయలు తన జీవితకాలముననే ఆఱేండ్ల కుమారుని రాజ్యాభిషిక్తుని గావించెను. ఉత్సవములు ఎనిమిది మాసములు సాగెను. అంతలో బాలుడు రోగగ్రస్తుడై మరణించెను. విషము పెట్టినవాడు తిమ్మరుసు కుమారుడని రాజునకు వినవచ్చెను. అనగా మొదటి అనుమానము మంత్రిపై గాక మంత్రి కుమారునిపై పడినది. రాజు తండ్రిని, బంధువులను చెఱ బెట్టించెను. చెఱ మూడేండ్లు సాగెను. తప్పించుకొని పోయిన కుమారుడు కొండల నాశ్రయించి తిరుగబడి, తుదకు పట్టువడెను. కన్నులు తీయించుట అటుపిమ్మటి మాట. బ్రాహ్మణునకు మరణదండనము లేని దేశమగుటచే ఈ శిక్ష విధింపబడెనని నూనిజ్ వివరణము. చిత్రమున క్షణికావేశముగా తోచునది, ఈ కథనమున ఏండ్ల తరబడి సాగిన రాజకీయ సంఘర్షణగా కనబడుచున్నది. దండనాయకుడైన కుమారుడు, కొండవీటి సీమపై అధికారము నెఱపిన బంధువర్గము, కొండలలో తిరుగుబాటు: ఇవి యన్నియు రాజునకును, బలిసిన మంత్రికుటుంబమునకును నడుమ నేర్పడిన స్పర్ధను సూచించుచున్నవి. కన్నీటి కథ వెనుక పాలనా చరిత్ర యున్నదని విద్యార్థి ఇచట గ్రహించును.

నూనిజ్ మాటను ఎంతవఱకు విశ్వసింపవచ్చును? అతడు ఈ సంఘటనమునకు ఇంచుమించు పదేండ్ల పిమ్మట, రాయల మరణానంతరము ఆరేడేండ్లకు, నగరమున విన్న మాటలను వ్రాసినవాడు. అతని గ్రంథముననే మఱియొక కన్నుల కథ కలదు. వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి, ఎనిమిదేండ్ల తన కుమారునకు రాజ్యము దక్కుటకై కృష్ణరాయల కన్నులు తీయింపు మని ఆజ్ఞాపింపగా, తిమ్మరుసు మేక కన్నులను చూపి రాకుమారుని కాపాడెనట. ఒకే రచనయందు ఆదిని బాలరాజునకై కన్నుల ప్రమాదము, అంతమున బాలరాజునకై కన్నుల దండనము కనబడుట గమనింపదగినది. కాపాడినవానికే అదే శిక్ష ప్రాప్తించుట జానపదకథల పోకడ. నూనిజ్ వ్రాసినది అంగటి వీథిలో అప్పటికే కథగా రూపొందిన వృత్తాంతము కావచ్చునని మాకు తోచుచున్నది. అనగా చలనచిత్రమునకు నాలుగు శతాబ్దములకు పూర్వమే ఈ చరిత్ర నాటకీకరణము పొందియుండెను.

శాసనములతో పోల్చినప్పుడు నూనిజ్ బలమును, బలహీనతయు రెండును వెల్లడియగును. 1524 ప్రాంతపు శాసనములయందు రాయల కుమారుడైన తిరుమలరాయని పేరు రాజుగా కానవచ్చుచున్నది. బాలుని పట్టాభిషేక విషయమున నూనిజ్ మాట కిది బలము. ఇక రెండవ ప్రక్క: 1515లో కొండవీడు వశమైనప్పుడు గజపతి కుమారుడైన వీరభద్రుడు బందీ యయ్యెను. అతడు రాయల సభలో అవమానమును సహింపలేక ఆత్మహత్య గావించుకొనెనని నూనిజ్ చెప్పుచున్నాడు. కాని కన్నడదేశమున 1516 నాటి శాసన మొకటి ఆ వీరభద్రునే మలెబెన్నూరు సీమకు అధికారిగా పేర్కొనుచున్నది. బందీయైన శత్రుకుమారునకు రాయలు సీమ నొసగి గౌరవించెనని శాసనము. అవమానము పాలు చేసెనని వర్తకుడు. ఆత్మహత్య అటుపిమ్మట జరిగినదని సర్దుకొనవచ్చును గాని, నూనిజ్ చెప్పిన వరుసను యథాతథముగా స్వీకరించుటకు మాత్రము వీలు లేదు.

తెలుగు ఆధారములలో ‘రాయవాచకము’ ముఖ్యము. ఇందు తిమ్మరుసు ‘అప్పాజీ’గా రాజునకు నీతి నుపదేశించుచు ఎల్లెడల కనబడును, నేత్రదండనము ప్రసక్తి లేదు. ఈ మౌనమును బట్టి ఆ సంఘటనము జరుగలేదనుట తగదు. ఆ గ్రంథము గజపతిపై విజయము వఱకే కథను నడపినది; అదియును రాయల కాలమున గాక పదునేడవ శతాబ్దారంభమున మధుర నాయకుల యాశ్రయమున పుట్టినదని ఫిలిప్ వాగ్నర్ 1993లో ప్రకటించిన తన పరిశీలనమున నిరూపించెను. మౌనము ఎప్పుడు సాక్ష్యమగును, ఎప్పుడు కాదు అను విషయమును బోధించుటకు ఇంతకన్న మంచి పాఠము దొరకదు. మంగళగిరి శాసనము, కొండవీటి శాసనములు మంత్రి విజయములను, పరిపాలనమును చెప్పును. అగస్త్యుని ‘బాలభారతము’నకు మంత్రి వ్యాఖ్య రచించిన పండితుడు కూడను. చిత్రమున రాజనీతిజ్ఞుడుగా మాత్రమే కనబడిన వ్యక్తి, ఆధారములలో సేనాని, పాలకుడు, వ్యాఖ్యాతగా విస్తరించును.

ఈ విచారము వలన తేలినదేమి? బాలుని పట్టాభిషేకమునకు శాసనబలము కలదు. మంత్రికుటుంబ పతనము సంభావ్యము. నేత్రదండనమునకు ప్రధానముగా నూనిజ్ మాటయే దిక్కు. ఇక మంత్రి నిర్దోషిత్వమును గాని, దోషమును గాని నిర్ణయించుటకు తగిన సాక్ష్యము లేదు. చిత్రము ఈ చివరి విషయమున నిశ్చయముగా తీర్పు చెప్పినది. నాటకమునకు తీర్పు కావలెను; చరిత్రకు ఆధారము కావలెను. ఈ భేదమును విద్యార్థి నిర్వచనముగా వల్లించుటకన్న, తాను కంటతడి పెట్టిన కథయందు స్వయముగా కనుగొనుట మేలు.

ఇట్టి అవకాశము ఇతర చిత్రములయందును కలదు. 2015లో గుణశేఖర్ గారి ‘రుద్రమదేవి’ వెలువడిన పిదప కాకతీయుల ప్రసంగము సామాన్యుల నోట వినబడెను. ఆమె గణపతిదేవుని కుమార్తె యని శాసనములు నిర్ధారించుచుండగా, మార్కోపోలో ఆమెను రాజు వితంతువుగా చెప్పెను. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము 1289 నవంబరు నాటికి ఆమె మరణించినదని తెలుపుచున్నది. పరదేశి యాత్రికుని మాటను స్వదేశ శాసనము సవరించుట ఇచటను కనబడును.

వార్తాచిత్రములు, విజ్ఞానచిత్రములు కథాచిత్రములకన్న సత్యమునకు చేరువ యని సామాన్యముగా నమ్ముదురు. 1948లో స్థాపితమైన ఫిల్మ్స్ డివిజన్ వారి చిత్రములు ప్రదర్శనశాలలలో కథాచిత్రమునకు ముందు ప్రదర్శితములై, ఎల్లోరాను గాని, ఏదేని ఆనకట్టను గాని ఎన్నడును చూడనివారికి పరిచయము గావించెను. వీని మేలు నిస్సందేహము. ఐనను తెరవెనుక వ్యాఖ్యాత కంఠము సందేహ మెఱుగనిది. రెండు మతము లున్నచోట అది ఒక్కటి మాత్రమే చెప్పి ముందుకు సాగును. కథాచిత్రమును చూచువాడు ‘ఇది కల్పన కావచ్చును’ అని కొంత జాగరూకుడై యుండును. విజ్ఞానచిత్రము ముందట ఆ జాగరూకత సడలును. కావున పరీక్ష దీనికే ఎక్కువ కావలెను. మఱియు, దృశ్యమే ఆధారమగు తావులును కలవు. 1955లో ఆనకట్టకు శంకుస్థాపనము జరిగిన నాగార్జునసాగరము వలన విజయపురి లోయ నీట మునిగెను. 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు సాగి, కొన్ని కట్టడములు కొండపైకి తరలింపబడినను, ఆ లోయ స్వరూపము మఱల చూడ నలవి కాదు. మునుగక పూర్వము తీసిన ఛాయాచిత్రమైనను, చలనదృశ్యమైనను నేడు పరిశోధకునకు శాసనతుల్యము.

చిత్రముల వలన కలుగు కీడును మేము ఉపేక్షించుట లేదు. నటుని ముఖమే రాజు ముఖమై స్థిరపడుట మొదటిది. తిరుమలలోని రాయల లోహవిగ్రహమున పొడవైన కుళ్ళాయి, ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవి కనబడుదురు. ఆ విగ్రహమును తెరపై వేషముతో పోల్చి చూచు విద్యార్థులు అరుదు. వీరుని ఒక్కనిని పెంచుటకై కాలమునంతను కుదించుట రెండవది. చూచినదానితో తృప్తిపడి ప్రశ్నను మూసివేయుట మూడవది. అన్నిటికన్న పెద్దదియు ఇదియే. ఐనను దీనికి బాధ్యత నిర్మాతది మాత్రమే కాదు. ప్రశ్న పుట్టిన వేళ ఉత్తరము చూపువారు సమీపమున లేకుండుట పెద్ద కొఱత. ఆ కొఱతను తీర్పవలసినవారము బోధకులమే.

తరగతిలో చారిత్రక చిత్రమును ప్రదర్శించునప్పుడు మూడు పనులు అవసరములని సూచింతుము. ప్రదర్శనమునకు పిమ్మట విద్యార్థులచేత ప్రశ్నలను వ్రాయింపవలెను. ఉత్తరములను వెంటనే చెప్పరాదు. ఒక్క ఘట్టమును మాత్రము గ్రహించి, దానికి సంబంధించిన మూలపాఠములను, అనగా శాసనపాఠమును, యాత్రికుని వ్రాతను, కావ్యభాగమును ప్రక్కప్రక్కన నుంచి చదివింపవలెను. తుదకు ప్రతి విద్యార్థియు నిశ్చితము, సంభావ్యము, కల్పితము అను మూడు వర్గములుగా ఆ ఘట్టమును విభజించి వ్రాయవలెను. నేడు పాత చిత్రములును చేతిలోని పరికరముననే లభించుచున్నవి. సూయెల్ గ్రంథమును అట్లే సులభముగా చదువ వీలగుచున్నది. కొఱత సామగ్రియందు లేదు, దానిని కలిపి చూపు బోధనయందే కలదు.

తిమ్మరుసు కన్నుల కథ నిజమో కాదో తేల్చుటకు ఒక్క విద్యార్థి నూనిజ్ పుటలను తెఱచి, శాసన సంపుటమును ప్రక్కన పెట్టుకొన్నచో, ఆ చిత్రము చరిత్రకు చేసిన మేలు దాని లోపములకన్న మిన్న. ఆ విద్యార్థిని అంతవఱకు నడపుట మన శాఖల కర్తవ్యమని మేము విశ్వసించుచున్నాము.