నీటికొంగల ఛాయాచిత్రములు – ఋతుభేదము

మన నిఘంటువులలో పెక్కు పక్షినామములకు ‘పక్షివిశేషము’ అని తప్ప వేఱు వివరణము దొరకదు. ఈ లోపమును తీర్చుటకు ఛాయాచిత్రములు ఎంతవఱకు సాక్ష్యమగునో, కొంగల విషయమున మాత్రము ఇచట పరిశీలింపఁదలఁచితిమి.

పూర్వము పక్షిశాస్త్రజ్ఞులకు ముఖ్యాధారములు రెండు: కొట్టి ఒలిచిన చర్మము, చిత్రకారుఁడు వ్రాసిన బొమ్మ. నెల్లూరిలో వైద్యాధికారిగా నుండిన జెర్డన్ 1843–47 నడుమ మదరాసులో ప్రకటించిన పక్షిచిత్రములకు మన దేశపు చిత్రకారులు కుంచె పట్టిరి. 1862–64లో వెలువడిన గ్రంథమున ఆయన తెలుఁగు పేళ్లను గూడ చేర్చెను. 1931–32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానమున జరిపిన పరిశీలనమునను చర్మములే సేకరింపఁబడినవి. ఈకల వన్నె చర్మముపై చాలకాలము నిలుచును. కాని కొంగల వన్నె అంతయు ఈకలలో లేదు. ముక్కు, బోడిముఖము, కాళ్లు – వీని రంగు ప్రాణము పోఁగానే మాయఁజొచ్చును. అందుచే సేకర్తలు ఆ రంగులను చీటిపై వ్రాసి చర్మమునకు కట్టెడివారు. ఎంత జాగ్రత్తగా వ్రాసినను మాట మాటయే గదా!

ఛాయాగ్రహణము ఈ కొఱఁతను వెంటనే తీర్పలేదు. ఇంగ్లండున కీర్టన్ సోదరులు 1895లో పక్షిగూళ్ల ఛాయాచిత్రములతో గ్రంథము వెలువరించిరి. అవి నలుపు తెలుపులు. 1935–36లలో కోడాక్రోము ఫిలిము వచ్చిన పిమ్మట రంగులు పట్టుట సులభమయ్యెను. సాలిం అలీతో కలిసి మన దేశమున తిరిగిన లోక్ వాన్ థో తన పక్షిచిత్రములను 1957లో పుస్తకముగా ప్రకటించెను.

అయినను ఒక్క చిత్రము చాలదు. మన చెఱువుగట్టుల గుడ్డికొంగ సంవత్సరములో చాలభాగము మట్టివన్నె చారలతో నుండును. గూడు కట్టు కాలమున దాని వీఁపు ముదురు ఎఱుపెక్కును. పశువుల వెంట తిరుగు తెల్లకొంగ తలయు మెడయు ఆ కాలముననే పసిఁడివన్నె దాల్చును. ఋతువు తెలియనివాఁడు ఒక్క పక్షిని రెండుగా లెక్కించి, రెండు పేళ్లు కూర్చుట తథ్యము.

రాజహంస మాట ఇంకను చిక్కు. తెల్లని మేను, ఎఱ్ఱని ముక్కు, ఎఱ్ఱని కాళ్లు గల హంసను అమరకోశము రాజహంస యన్నది. ఈశాన్య ఋతుపవనపు వానల పిదప పులికాటు సరస్సున దిగు గులాబివన్నె పొడుగుకాళ్ల పక్షులను నేఁడు పలువురు ఆ పేరనే పిలుచుచున్నారు. రంగు చిత్రమును చూచిన, ఆ పక్షి ముక్కు వంకర తిరిగి, కొన నల్లగా నున్నది. పిల్లలు బూడిదవన్నెవి, ఆహారముననుండి గులాబివన్నె క్రమముగా వచ్చును. అమరుఁడు నల్లని కొనను చెప్పలేదు. కావున కాళ్ల యెఱుపు నొక్కదానిని పట్టుకొని రెంటిని ఏకము చేయుటకు మేము సమ్మతింపము.

చిత్రము కొఱకు గూటిని సమీపించుట మాత్రము తగదు. తల్లి లేచిపోయిన క్షణములోనే కాకి గ్రుడ్డు నెత్తుకొనిపోవును, ఎండకు పిల్ల వడలును. నేలపట్టు చెఱువులోని కడపచెట్లపై గూళ్లను దూరమునుండియే చూడవలెను. తేదియు స్థలమును వ్రాయని చిత్రమును మేము మా పేళ్ల పట్టికకు ఆధారముగా గ్రహించుట లేదు.