ఫ్రాన్స్ పల్లెబాటల్లో గ్రావెల్ సైక్లింగ్

తారు వెయ్యని బాటల మీద, మోటారు వాహనాల రద్దీకి దూరంగా, వెడల్పాటి టైర్ల సైకిల్‌తో సాగే ప్రయాణం గ్రావెల్ సైక్లింగ్. ఈ సైకిల్‌కు హ్యాండిల్ రేసు సైకిల్‌లాగే కిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పుంటాయి. పేరు అమెరికాది. 2006లో కాన్సస్ రాష్ట్రంలో మొదలైన ఒక పోటీ దానికి ప్రచారం తెచ్చింది. ఫ్రాన్స్‌లో పేరు కన్నా బాట చాలా పాతది. పొలాల మధ్య డొంకలు, కాలువగట్లు, రైళ్లు ఆగిపోయిన రైలుకట్టలు: ఈ మూడింటి మీదే అక్కడి గ్రావెల్ సైక్లింగ్ నడుస్తోంది. వీటిలో ఏదీ సైకిల్ కోసం వేసింది కాదు.

తారు రాకముందు

1860లలో పారిస్‌లో మిషో కుటుంబం పెడళ్లున్న సైకిళ్లు తయారుచేసి అమ్మింది. 1869లో పారిస్ నుంచి రూఆన్ వరకు పోటీ జరిగింది. జేమ్స్ మూర్ గెలిచాడు. అప్పట్లో పట్నం దాటితే రోడ్డంటేనే కంకర, మట్టి. 1903లో పుట్టిన టూర్ ద ఫ్రాన్స్ కూడా తొలి ఏళ్లలో దాదాపుగా అలాంటి దారుల మీదే నడిచింది. మోటారు కార్లు లేపే దుమ్ము భరించలేనిదయ్యాక, 1902లో ఎర్నెస్ట్ గుగ్లీల్మినెట్టి అనే స్విస్ వైద్యుడు మొనాకోలో రోడ్డు మీద తారు పోయించి చూపాడు. ఆయనకు ‘డాక్టర్ తారు’ అనే పేరు నిలిచిపోయింది. ఆ తారు మీద కార్ల వేగం పెరిగింది, దాంతో సైకిల్ రోడ్డు అంచుకు జరిగింది. కాబట్టి గ్రావెల్ సైక్లింగ్‌ను కొత్త ఆట అనడం కన్నా, సైకిల్ తన పాత దారిని తిరిగి వెతుక్కోవడం అనడం న్యాయం.

ఆ పాత దారికి తగిన సైకిల్‌ను ఊహించినవాడు పాల్ ద వివీ (1853–1930). ‘వెలోసియో’ అనే కలం పేరుతో ప్రసిద్ధుడు. సేంత్ ఎతియెన్ పట్నంలో సైకిళ్ల వ్యాపారం చేస్తూ 1887లో పత్రిక పెట్టి, పోటీ కోసం కాక ఊళ్లు చూడటానికి తొక్కే సైకిల్ కోసం జీవితమంతా వాదించాడు. పోటీల నిర్వాహకులు గేర్లు మార్చే ఏర్పాటును చిన్నచూపు చూస్తున్న రోజుల్లో, కొండదారికి గేర్లు ఉండాల్సిందేనన్నాడు. 1930లో అదే పట్నంలో ట్రామ్ ఢీకొని మరణించాడు. దూర ప్రయాణాల కోసం తర్వాత రెనే ఎర్స్ వంటి పనివాళ్లు చేసిన సైకిళ్లకు ‘650బి’ కొలత చక్రాలు, లావు టైర్లు ఉండేవి. మరుగున పడిన ఆ కొలత ఈ శతాబ్దంలో కొండ సైకిళ్లతో, గ్రావెల్ సైకిళ్లతో మళ్లీ వాడుకలోకి వచ్చింది. 1936లో కార్మికులకు ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధం కాగానే, జోడు సైకిళ్లెక్కి పల్లెలకు తరలిన జంటలు ఎందరో.

గట్లు, కట్టలు

పియేర్-పాల్ రికే తవ్వించిన కనాల్ దు మిదీ (1666–1681) టులూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా దాదాపు 240 కిలోమీటర్లు సాగుతుంది. పడవలను తాళ్లతో లాగే గుర్రాలు నడవడానికి వేసిన గట్టుదారే నేటి సైకిల్ బాట. టులూజ్ వైపు మొదటి 50 కిలోమీటర్లు తారు పరిచారు. ఆపైన చాలా మేర మట్టి, రాళ్లు, పైకి తేలిన ప్లేన్ చెట్ల వేళ్లు. 2006లో ఈ చెట్లకు ప్రాణాంతకమైన శిలీంధ్ర తెగులు బయటపడింది. వేల చెట్లను కొట్టేయాల్సి రావడంతో కొన్ని చోట్ల నీడ పోయింది. బ్రిటనీలో నాంత్–బ్రెస్త్ కాలువ 360 కిలోమీటర్ల పైచిలుకు. బ్రిటిష్ నౌకాదళం తీరాన్ని దిగ్బంధం చేసిన రోజుల్లో, సముద్రం ఎక్కకుండా సరుకు చేరవేయాలని నెపోలియన్ తలపెట్టాడు. 1930 నాటికి పూర్తయిన గెర్లేదాన్ ఆనకట్ట దాన్ని రెండు ముక్కలు చేసింది. పడవలు పోయినా గట్టు మిగిలింది.

రైలుకట్టల కథ మరొకటి. ప్రజాపనుల మంత్రి షార్ల్ ద ఫ్రెసినే చొరవతో 1879లో వచ్చిన చట్టం చిన్న ఊళ్లకు కూడా రైలు చేర్చాలని 8,000 కిలోమీటర్లకు పైగా కొత్త మార్గాలను జాబితాకెక్కించింది. బస్సులు, కార్లు వచ్చాక వాటిలో ఎన్నో మూతపడ్డాయి. రైలుకట్టకు నిటారు ఎత్తులుండవు కనుక సైకిల్‌కు అది సహజంగా అనువైనది. 1997లో బర్గండీలో జివ్రీ–క్లూనీ మధ్య 44 కిలోమీటర్ల పాత రైలుమార్గాన్ని ‘వ్వా వెర్త్’గా, అంటే హరిత బాటగా, మార్చారు. దేశంలో ఈ తరహాకు అదే మొదటిదిగా పేరొందింది. దాని దక్షిణపు కొనసాగింపులో బ్వా క్లేర్ అనే 1.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. గబ్బిలాల శీతాకాల నిద్ర చెడకుండా చలికాలమంతా దాన్ని మూసేస్తారు. 2004 సెప్టెంబరు 16 నాటి ఉత్తర్వు ఈ బాటలను రహదారి నియమావళిలో చేర్చి, పాదచారులకు, గుర్రపు రౌతులకు, మోటారు లేని బండ్లకు ప్రత్యేకించింది. చాలా హరిత బాటలకు నున్నగా తారు వేశారు. చక్రాల కుర్చీలో వెళ్లేవారికి, చిన్నపిల్లలకు అది మేలే. అయితే బ్రిటనీ పద్ధతిలో గట్టిగా దిమ్మిస చేసిన ఇసుక బాటలే గ్రావెల్ సైకిల్‌కు, చెట్ల వేళ్లకు కూడా మంచివి.

పోటీలు

1984లో బ్రిటనీలోని లానిలిస్‌లో ఝాన్-పాల్ మెలుయే ‘ట్రో బ్రో లియోన్’ పోటీని ప్రారంభించాడు. బ్రెటన్ భాషలో చదువు చెప్పే దివాన్ బడికి డబ్బు కూడబెట్టడం ఆయన ఉద్దేశం. తమ మాతృభాష బడి కోసం ఊరివాళ్లు సైకిల్ పోటీ పెట్టుకోవడం తెలుగువారు తలచుకోదగ్గ సంగతి. ‘రిబిను’ అని బ్రెటన్‌లో పిలిచే పొలం పుంతల మీదుగా దారి సాగుతుంది. ముందు నిలిచిన బ్రిటనీ క్రీడాకారుడికి ఒక పందిపిల్లను బహుమతిగా ఇస్తారు. 2018 నుంచి పారిస్–టూర్ పోటీ ద్రాక్షతోటల దారుల్లోకి దిగింది. 2024 టూర్ ద ఫ్రాన్స్ తొమ్మిదో దశలో త్రువా పట్నం చుట్టూ 14 చోట్ల, మొత్తం 32 కిలోమీటర్ల తెల్ల సున్నపు బాటలు పెట్టారు. ఫ్రెంచి క్రీడాకారుడు ఆంథనీ తుర్జీస్ గెలిచాడు. అంతకు రెండేళ్ల ముందు ఇటలీలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ గ్రావెల్ పోటీల్లో మహిళల టైటిల్ ఫ్రాన్స్‌కు చెందిన పోలీన్ ఫెరాన్-ప్రెవోది.

డొంకలు ఎవరివి?

పోటీలు ఏడాదికొక రోజు. మిగతా రోజుల సైక్లింగ్ అంతా ‘షెమాఁ రూరాల్’ అనే ఊరి డొంకల మీదే ఆధారపడింది. ఇవి కమ్యూన్ అనే స్థానిక పాలక సంస్థ సొంత ఆస్తి, కానీ అందరి రాకపోకలకు తెరిచి ఉండాలి. 1960, 70లలో జోరుగా సాగిన భూకమతాల ఏకీకరణలో కంచెచెట్లతోపాటు లెక్కలేనన్ని డొంకలు దుక్కిలో కలిశాయి. యంత్రాలతో సేద్యానికి పెద్ద మడులు కావాలన్న రైతు అవసరం నిజమే. పోయిన దారి అందరిదన్నదీ అంతే నిజం. 1983 జూలై 22 నాటి చట్టం ప్రతి జిల్లా నడకదారుల జాబితా తయారుచేయాలంది. జాబితాకెక్కిన డొంకను కమ్యూన్ అమ్మాలంటే బదులు దారి చూపాలి. 1991 జనవరి 3 నాటి చట్టం మోటారు వాహనాలు దారి విడిచి ప్రకృతి ప్రాంతాల్లోకి చొరబడటాన్ని నిషేధించింది.

అయినా ఒక లొసుగు మిగిలింది. ప్రజలు వాడని డొంకను పక్క భూమివాడు 30 ఏళ్లు దున్నుకుంటే అతనిదే అయిపోవచ్చు. 2022 ఫిబ్రవరి 21 నాటి చట్టం దీనికి కొంత అడ్డువేసింది: కమ్యూన్ సభ తన డొంకల లెక్క తీయడానికి తీర్మానిస్తే, రెండేళ్లకు మించకుండా ఆ గడువు లెక్క ఆగుతుంది. తీర్మానం చేయాలా వద్దా అన్నది కమ్యూన్ ఇష్టం. అప్పటికే 30 ఏళ్లు నిండి చేయి మారిన డొంకలు ఈ చట్టంతో తిరిగి రావు.